నది ఒడ్డు అమ్మగారి ముసుగు

తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై వరకు బొమ్మ. తొమ్మిదీ నలభై నుంచి పదిన్నర వరకు వంతెన. పదిన్నరకు టీ, పదకొండుకు పడవ. ఈ వరసంతా కూతురు ముందురోజే కాగితం మీద రాసి హోటలు గది తలుపుకు లోపలివైపు అంటించింది. ఆమె ఆస్పత్రిలో అపాయింట్‌మెంట్లు ఇచ్చే బల్ల దగ్గర పనిచేస్తుంది. రోజుకు రెండు వందల మంది రోగుల్ని, వాళ్ళ వెంట వచ్చే నాలుగు వందల మందిని అదుపులో పెట్టే మనిషికి ఇంట్లోవాళ్ళు అయిదుగురు ఒక లెక్కా అనుకుంది. అక్కడే పొరపడింది. రోగులకు నీరసం ఉంటుంది, ఇంట్లోవాళ్ళకు ఉండదు.

"వంతెనకి పది నిమిషాలు ఎక్కువ వేశావేంటమ్మా?" అని తండ్రి ఆ కాగితం ముందు నిలబడి అడిగారు.

"మామయ్యగారు అడిగారు నాన్నా. ఆయన పేరున్న రాతి పలక దగ్గర ఫొటోలు తీసుకోవాలట."

"అడిగితే వేస్తావా? అయితే నేనూ అడుగుతున్నాను."

"నాన్నా, అది బొమ్మ. చూస్తే అయిపోతుంది."

తండ్రి మెడలో వేలాడుతున్న టేపును ఒకసారి సవరించుకున్నారు. నలభై ఏళ్ళుగా ఆయన టైలరు. పేటలో అందరూ టేపు మాస్టారు అంటారు. పెళ్ళి ఫొటోలో కూడా కోటు కింద నుంచి టేపు కొస కనబడుతోందని ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

పన్నెండేళ్ళ కిందట ఈ నగరంలో నది ఒడ్డున పెద్ద కంచు బొమ్మ పెట్టారు. బండ మీద కూర్చుని, కుడిచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూస్తున్న ఒకావిడ. కూర్చున్న మనిషే ఇరవై ఆరు అడుగుల ఎత్తు. ఆవిష్కరణ రోజు వరకు ఎవరి కంటా పడకుండా ఆవిడకొక ముసుగు కావలసి వచ్చింది. గుడారాలు కుట్టేవాళ్ళు తెచ్చినవన్నీ శిల్పి తిప్పికొట్టాడు. చలిజ్వరం వచ్చినవాళ్ళకు దుప్పటి కప్పినట్టుందని తిట్టి, మనిషికి కుట్టినట్టు కుట్టేవాడు కావాలన్నాడు. ఎవరి చుట్టం ఎవరికి చెప్పాడో గానీ ఆ పని దూరాన ఉన్న మన మాస్టారిని వెతుక్కుంటూ వచ్చింది. బొమ్మను చూపించలేదు, ఫోనులో అరవై మూడు కొలతలు మాత్రం చెప్పారు. ఆయన ఒక గోడౌను తలుపులు మూసుకుని, రెండు మిషన్ల మీద పదకొండు రోజులు కుట్టారు. భార్య రెండు వందల పన్నెండు ఇత్తడి రింగులు సుత్తితో కొట్టింది. పన్నెండో రింగు దగ్గర బొటనవేలు కూడా కొట్టుకుంది.

ఆవిష్కరణకు పిలుపు వచ్చింది. కానీ అది స్కూలు యూనిఫారాల కాలం, నూట నలభై నిక్కర్లు బల్ల మీద ఉన్నాయి, వెళ్ళలేకపోయారు. మర్నాడు పేపర్లో బొమ్మ ఫొటో వేశారు. దాని పాదాల దగ్గర ఒక మూల బూడిద రంగు గుడ్డ కుప్పగా పడి ఉంది. మాస్టారు ఫొటోలో బొమ్మను వదిలేసి, ఆ కుప్ప వరకు కత్తిరించి, ఫ్రేము కట్టించి షాపులో పెట్టుకున్నారు.

కూతురి సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చినరోజు వియ్యంకుడు కాబోయే ఇంజనీరు గారు ఆ ఫ్రేము ముందు చాలాసేపు నిలబడ్డారు. చివరికి, "ఏంటిది బావగారూ, వరదల్లో తీసిందా?" అని అడిగారు. విషయం చెబితే, "ఓహో, కప్పే గుడ్డా" అని కుర్చీలో కూర్చున్నారు. ఇంజనీరు గారు వంతెనలు కట్టిన మనిషి. రిటైరయ్యి నాలుగేళ్ళయింది. ఆయన పేరు చెక్కిన రాతి పలకలు ఏడు ఊళ్ళలో ఉన్నాయి, వాటి ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకుని వెంట తిప్పుతారు. మంచివాడే, మాస్టారంటే గౌరవమే. కానీ ఆ "కప్పే గుడ్డా" అన్న మాట మాస్టారి గుండెలో సూది మొనలా విరిగి ఉండిపోయింది. కుట్టిన చొక్కాలు చిరిగిపోతాయి, నిక్కర్లు పొట్టివైపోతాయి. జీవితంలో చేసిన ఒక్క పెద్ద పని ఒక్క ఉదయం నిలబడి కుప్పకూలిపోయింది, దాన్ని బావగారికి చూపించేదెలా? కనీసం ఎంతటి మనిషికి కుట్టానో చూపిద్దామనే ఈ ప్రయాణానికి ఆయనే పట్టుబట్టారు. చేతిసంచిలో పాత కొలతల పుస్తకం కూడా పెట్టుకున్నారు.

తొమ్మిదికి అల్లుడు అందరినీ నది ఒడ్డున దించి, "కారు పెట్టి ఇప్పుడే వచ్చేస్తా" అని వెళ్ళాడు. ఒడ్డు వెంట పొడుగాటి కాలిబాట, బెంచీలు, పరుగెత్తేవాళ్ళు, కుక్కల్ని నడిపించేవాళ్ళు. మలుపు తిరిగారు. మాస్టారు ఆగిపోయారు.

బొమ్మ లేదు. అంటే ఉంది, కానీ నెత్తి మీద నుంచి బండ దాకా బూడిద రంగు ముసుగు వేసి ఉంది. చుట్టూ తాడు కట్టి, 'శుభ్రపరిచే పనులు జరుగుతున్నవి' అని బోర్డు పెట్టారు.

"అయ్యో, ఇంత దూరం వచ్చి!" అంది కూతురు, కాగితంలో నలభై నిమిషాలు ఏం చేయాలో తెలియక.

"ఇక చూడ్డానికేం లేదు. పదండి, వంతెనకి పోదాం" అన్నారు ఇంజనీరు గారు, దాచుకుందామన్నా దాగని ఉత్సాహంతో.

"చూడ్డానికేం లేదా?" మాస్టారు వేలెత్తి చూపించారు. "బావగారూ, అది నాది. నేను కుట్టిందే! ఏమే, చూడు, నీ రింగులు!"

భార్య కళ్ళజోడు తుడుచుకుని చూసి, "మావే. ఒక్కటి ఊడలా" అంది. అని, ఆనాడు దెబ్బ తగిలిన బొటనవేలిని అప్రయత్నంగా నిమురుకుంది. పన్నెండేళ్ళు ఏ గోదాములో పెట్టారో గానీ పారెయ్యలేదు, చెదలు పట్టనియ్యలేదు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడేళ్ళ మనవరాలు బుజ్జి తల ఎత్తి, ఎత్తి, వెనక్కి పడబోయి, "ఇంత పెద్ద గౌను నువ్వే కుట్టావా టేపు తాతయ్యా?" అంది. ఆ పిల్లకు ఇద్దరు తాతయ్యలు, ఒకరు టేపు, ఒకరు వంతెన.

వంతెన తాతయ్య మాత్రం ఒక కన్ను మూసి, సర్వే చేస్తున్నట్టు ముసుగును పైనుంచి కిందికి చూశారు. "పెద్దదే. ఒప్పుకోవాలి. కానీ బావగారూ, ఆ ఎడమ పక్కన సంచీలా వేలాడుతోందేంటి? కుడిపక్కేమో బిగుసుకుపోయింది. కుట్టు కాస్త తేడా వచ్చినట్టుంది."

మాస్టారు అప్పుడు చూశారు. చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. మోచేతి కోసం ఆయన ప్రత్యేకంగా వదులు ఇచ్చిన భాగం ఎడమవైపు ఖాళీగా ఊగుతోంది. నుదుటి మీదికెత్తిన ఆ కుడి మోచెయ్యి అవతలివైపు గుడ్డను పొడుచుకుంటూ ఉంది. ఎదురు భాగం వీపు మీద, వీపు భాగం ఎదురుగా.

"వెనక భాగం ముందుకు తొడిగారు! చొక్కా తిరగేసి తొడిగినట్టు తొడిగారు బావగారూ! నా కుట్టు కాదు, వీళ్ళ తొడుగుడు!"

"అలాగే లెండి" అన్నారు ఇంజనీరు గారు, చాలా మర్యాదగా. ఆ మర్యాదే మాస్టారిని తాడు దాటించింది.

నాలుగు అడుగులు వేశారో లేదో సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు మెడలో టేపు ఉన్న పెద్దాయన్ని చూశాడు. ఆయన వెనక ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో ఫైలుతో ఇంకో పెద్దాయన్ని చూశాడు. వాళ్ళ వెనక కాగితం పట్టుకుని గడియారం చూసుకుంటున్న కూతుర్ని చూశాడు. ఈ పూట తనిఖీ వాళ్ళు వస్తారని అతనికి పొద్దున్నే చెప్పారు. ఎప్పుడొస్తారో, ఎలా ఉంటారో చెప్పలేదు. టేపు, ఫైలు, గడియారం మూడూ ఒకేసారి కనబడితే పాపం ఎవరైనా ఏమనుకుంటారు? కాళ్ళు దగ్గరకు చేర్చి, ఇంజనీరు గారికి గట్టిగా ఒక సెల్యూట్ కొట్టాడు.

రిటైరయ్యాక ఇంజనీరు గారికి ఎవరూ సెల్యూట్ కొట్టలేదు. "మేం ఊరికే చూడ్డానికి..." అని చెప్పాలని నోరు తెరిచారు గానీ, ఈలోగానే ఆయన చెయ్యి తనంతట తాను పైకి లేచిపోయింది. లేచిన చేతిని మధ్యలో దించితే బాగుండదు.

"ఊఁ. పని ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

గార్డు విజిలేశాడు. బొమ్మ వెనక నీడలో టీ తాగుతున్న మేస్త్రీ, నలుగురు పనివాళ్ళు గ్లాసులు పడేసి వచ్చారు. మాస్టారికి ఇదంతా వింతగా అనిపించలేదు. తన ముసుగు సంగతి మాట్లాడ్డానికి మనుషులు రావడం ఆయనకు న్యాయంగానే తోచింది.

"ఇది ఎవరు తొడిగారు?" అని నేరుగా అడిగారు.

"మేమేనండి. నిన్నంతా పట్టిందండి" అన్నాడు మేస్త్రీ.

"వెనకది ముందుకు తొడిగారు. తిప్పాలి. గాలి గట్టిగా వీస్తే ఆ మోచెయ్యి దగ్గర చిరుగుతుంది."

"ఏది ముందో ఎలా తెలుస్తుందండీ?"

"కొలతలు చూస్తే తెలుస్తుంది" అని మాస్టారు సంచిలోంచి పుస్తకం తీశారు. పేజీ పైన 'నది ఒడ్డు అమ్మగారు' అని రాసి ఉంది. మేస్త్రీ తొంగి చూడబోతే చప్పున అరచెయ్యి అడ్డం పెట్టి, చుట్టూ చూశారు. "ఆడవాళ్ళ కొలతలు నలుగురిలో చదవకూడదయ్యా. ఇలా రా." మేస్త్రీని పక్కకు తీసుకెళ్ళి చెవిలో చెప్పారు. మేస్త్రీ కళ్ళు పెద్దవి చేసి, "నలభై ఒక్క అడుగులే!" అన్నాడు. "నెమ్మదిగా" అని మాస్టారు మందలించారు.

పని మొదలైంది. నాలుగు పొడుగు కర్రలతో ముసుగును మోకాళ్ళ దగ్గర, నడుం దగ్గర, భుజాల దగ్గర ఒంటికి ఎడంగా పట్టుకుని, నెమ్మదిగా చుట్టూ తిప్పడం. కిందనుంచి మాస్టారు, "ఎడమ భుజం, కొంచెం, ఇంకొంచెం... అమ్మగారికి నొప్పి పుడుతుంది, మెల్లిగా!" అని చెబుతుంటే పనివాళ్ళు కూడా ఆవిడకు నొప్పి పుడుతుందన్నట్టే తిప్పారు. ఇంజనీరు గారు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ, ఎవరూ అడక్కపోయినా తల ఊపుతూ ఉన్నారు.

నిచ్చెనలు, కర్రలు, ఫైలు, హడావిడి కనిపిస్తే నడిచిపోయేవాళ్ళు ఆగకుండా ఉంటారా? ముందు ఒక కుక్క ఆగింది, దానితో దాని యజమాని ఆగాడు. "ఏంటిక్కడ?" అని ఎవరో అడిగితే, "ముసుగు తీస్తున్నట్టున్నారు" అని ఆయన తెలిసినట్టే చెప్పాడు. అంతే, అరగంటలో గొడుగు ఎత్తిపట్టుకున్న గైడు ఒకామె తన ముప్ఫై మందినీ వెంటేసుకొచ్చి మొదటి వరసలో నిలబెట్టింది. ఐస్‌క్రీం బండివాడు బండి తోసుకొచ్చాడు. ఫోనులు పైకి లేచాయి. కూతురు అలవాటు కొద్దీ, "తోసుకోకండి, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక" అని అందరినీ వరసలు కట్టించింది. తను చేస్తున్నదేమిటో ఆమెకు పది నిమిషాల తరువాత గానీ తట్టలేదు. ఈలోగా అల్లుడు ఫోను చేశాడు.

"రెండు చుట్లు తిరిగా, ఎక్కడా చోటు లేదు. అక్కడేదో జనం పోగయ్యారట, రోడ్డు మూసేశారు. ఏం జరుగుతోంది?"

"ఏం లేదండి. మీరు నెమ్మదిగా రండి" అని ఆమె ఫోను పెట్టేసింది.

తిప్పడం అయిపోయింది. మోచెయ్యి మోచేతి చోటుకు వచ్చింది. ఇక మిగిలింది పక్కన రెండు అంచులూ కలిసే చీలిక. మేస్త్రీ దాన్ని నైలాను తాడుతో అడ్డదిడ్డంగా, బూటు లేసులా బిగించి ముళ్ళు వేశాడు. మాస్టారి భార్య దాన్ని చూసి ఊరుకోలేదు. "నా రింగుల్ని ఇలాగా వాడేది?" అని ముళ్ళన్నీ తనే కోసేయించింది. ఆ రింగులు అసలు ఉన్నది గొలుసు అల్లిక కోసం. ఒక్కటే ఎర్రతాడు, ఎదురెదురు రింగుల ఒక్కో జతలోంచి చిన్న ఉచ్చు లాగి, ఆ ఉచ్చులోంచి తరువాతి ఉచ్చు లాగి, నెత్తి నుంచి పాదం దాకా అల్లుకుంటూ పోవాలి. బస్తా మూతి కుట్టులాంటిదే. చివర ముడి వేస్తే తుపాను వచ్చినా కదలదు. ముడి లేకుండా కొస పట్టుకు లాగితే మొత్తం ఒక్క ఊపులో విడిపోతుంది. ఆనాడు ఆవిష్కరణకని మాస్టారు కనిపెట్టిన కిటుకు అది. అదే ఎర్రతాడు ఇప్పటికీ అంచు మడతలో చుట్టి ఉంది.

మాస్టారు నిచ్చెన మీద, భార్య కింద. "నూట నాలుగు... నూట అయిదు... నూట ఆరు" అని జతల లెక్క కూడా ఆవిడే ముగించింది. ఆఖరి ఉచ్చు అల్లేసరికి మాస్టారి వేళ్ళు పట్టు తప్పాయి. అరవై ఎనిమిదేళ్ళ వేళ్ళు. నీళ్ళు తాగి వచ్చి ముడి వేద్దామని, తాడు కొసను మనవరాలి చేతిలో పెట్టారు.

"బుజ్జీ, ఇది గట్టిగా పట్టుకో. లాగకు, వదలకు. ఎవరడిగినా ఇవ్వకు. అర్థమైందా?"

"ఎవరడిగినా ఇవ్వను" అంది బుజ్జి, రెండు చేతులకూ తాడు చుట్టుకుంటూ.

సరిగ్గా అప్పుడే నది ఒడ్డు పనులు చూసే ఆఫీసరమ్మ జీపు దిగింది. పదకొండుకు తన పై అధికారి వస్తాడని, ఆలోగా ఒకసారి చూసుకుందామని పదీ పదికే వచ్చిన మనిషి. ఇక్కడ చూస్తే మూడు వందల మంది జనం, ఐస్‌క్రీం బండి, ఎవరో పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని తన పనివాళ్ళ మీద పెత్తనం.

"ఎవరండీ మీరు? ఎవరు పర్మిషన్ ఇచ్చారు మీకు?"

గార్డు ముఖం పాలిపోయింది. "తనిఖీవాళ్ళు కదా మేడం?" అన్నాడు.

"తనిఖీ పదకొండుకి!" అందావిడ.

అందరి చూపులూ ఇంజనీరు గారి మీద పడ్డాయి. ఆయన మీసం తడుముకుని, "నేను తనిఖీ అని ఎక్కడా అనలేదండి. పని ఎంతవరకు వచ్చిందని మాత్రం అడిగాను" అన్నారు. అది నిజమే కాబట్టి ఆవిడకు కోపం ఇంకా పెరిగింది. చుట్టూ చూసింది. ముసుగు నుంచి వేలాడుతున్న ఎర్రతాడు కొస పట్టుకుని నిలబడ్డ ఏడేళ్ళ పిల్ల కనబడింది.

"పిల్లల చేతికా ఇచ్చేది? ఇటివ్వు పాపా."

"ఇవ్వను."

"మంచిదానివి కదూ, ఇటివ్వమ్మా."

"ఎవరడిగినా ఇవ్వద్దన్నారు."

ఆఫీసరమ్మ తాడు పట్టుకుంది. బుజ్జి కాళ్ళు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. నీళ్ళ సీసా నోటి దగ్గర పెట్టుకున్న మాస్టారు ఇటు తిరిగి, "లాగకండీ!" అని అరిచారు. ఆలస్యమైపోయింది. ఇద్దరూ ఒకరితో ఒకరు లాక్కుంటున్నాం అనుకున్నారు గానీ, ఇద్దరూ కలిసి లాగింది ముసుగునే.

టపటపమని కింది నుంచి పైదాకా నూట ఆరు ఉచ్చులూ ఒకదాని వెనక ఒకటి విడిపోయాయి. భుజాల మీద ముసుగు ఒక్క క్షణం ఆగింది. తరువాత, ఆనాడు మాస్టారు మనసులో ఎలా ఊహించుకుని కుట్టారో అలాగే, ఎక్కడా తగులుకోకుండా, చిరగకుండా, మోచేతి దగ్గర చిన్న వంపు తిరిగి, మెత్తగా జారి అమ్మగారి పాదాల దగ్గర కుప్పయింది.

జనం నోళ్ళు తెరుచుకున్నాయి. అమ్మగారు నడుం దాకా కొత్త గిన్నెలా మెరిసిపోతోంది, నడుం కింద పన్నెండేళ్ళ పాచి రంగులో ఉంది. నుదుటికి ఎత్తిన మోచేతి మీద పనివాళ్ళ చొక్కాలు మూడు ఆరేసి ఉన్నాయి. ఒళ్ళో ఒక లంచ్ బాక్సు, బకెట్టు. ముసుగు తొడగకముందు పనిచేసినవాళ్ళు పెట్టి మరిచిపోయారు. తరువాత గొడుగు గైడు చప్పట్లు మొదలుపెట్టింది, జనమంతా అందుకున్నారు. "కష్టజీవి! చూశారా, సగం మెరుపు, సగం నాచు! ఎంత ఆలోచన!" అని గైడు తన ముప్ఫై మందికి వివరించడం మొదలుపెట్టింది. మేస్త్రీ తన చొక్కా గుర్తుపట్టి తల దించుకున్నాడు.

అందరూ బొమ్మను చూస్తుంటే ఒక్క మాస్టారు మాత్రం కుప్పను చూస్తున్నారు. పన్నెండేళ్ళుగా ఫ్రేములో చూసుకున్న కుప్ప. అది ఎలా పడిందో ఈనాటికి కళ్ళారా చూశారు. గర్వంతో ఆయన ఛాతీ టేపుకు అందనంత అయింది.

ఆఫీసరమ్మ చేతిలో ఎర్రతాడు ఇంకా ఉంది. గడియారం చూసుకుంది. పదీ పదిహేను. ముఖంలో రంగులు మారాయి. "పదకొండుకి సార్ వస్తారు. నాలుగు రోజుల తరవాత ఘనంగా తెరుద్దామని సార్ అన్నీ ఏర్పాటు చేసుకున్నారు. ఇప్పుడు ఇది... ఇలా... చొక్కాలతో..." అని మేస్త్రీ వైపు తిరిగింది. "మళ్ళీ కప్పడానికి ఎంతసేపు?"

"నిన్న పొద్దుణ్ణించి సాయంత్రం దాకా పట్టిందండి."

"అదీ తిరగేసి" అని మాస్టారి భార్య గుర్తు చేసింది.

ఆఫీసరమ్మ ఇంజనీరు గారి వైపు చూసింది. ఈ గొడవంతటికీ పెద్ద ఆయనే అని ఆవిడ నమ్మకం. "సార్, మీరైనా చెప్పండి. ఎవరు చెయ్యగలరిది?"

ఇంజనీరు గారు అప్పటికే కుప్ప దగ్గర వంగి ఉన్నారు. గుడ్డ తిరగబడి పడటంతో మెడ దగ్గరి లోపలి భాగం పైకి వచ్చింది. అక్కడ దిండు గలీబంత గుడ్డ ముక్క ఒకటి కుట్టి ఉంది. చొక్కా కాలరు లోపల ఉండే షాపు లేబులే, చొక్కా సైజుకు తగ్గట్టు పెరిగింది. దాని మీద నల్లదారంతో మాస్టారి పేరు, షాపు పేరు, ఊరు. కింద చిన్న అక్షరాల్లో 'రింగులు: మా ఆవిడ' అని ఉంది. ఇంజనీరు గారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని ప్రతి అక్షరం చదివారు. తన రాతి పలకలు ఎంతసేపు చదువుతారో అంతసేపూ చదివారు.

"బావగారూ, ఇంత పేరు కుట్టి లోపల పెట్టారేంటండీ? ఎవరికి కనబడుతుంది?"

"లేబులు లోపలే ఉంటుంది బావగారూ" అన్నారు మాస్టారు, అదేం ప్రశ్న అన్నట్టు. "తొడుక్కున్న మనిషికి తెలిస్తే చాలు."

ఇంజనీరు గారు లేచి నిలబడ్డారు. తల ఎత్తి ఆ తొడుక్కున్న మనిషి ముఖం ఒకసారి చూశారు. ఏడు ఊళ్ళలో ఏడు రాళ్ళ మీద తన పేరు ఉంది, ఒక్కటి కూడా లోపలివైపు లేదు. ఆయన ఫైలు తీసి కోడలి చేతికిచ్చేశారు. చొక్కా చేతులు పైకి మడిచారు.

"మేడం, ఇది కుట్టినాయన మా బావగారు. ఈయన ఉండగా ఇంకెవర్నో ఎందుకు అడుగుతారు? బరువు ఎత్తడం నాకు వదిలెయ్యండి. ఇంతకంటే బరువైనవే ఎత్తించాను. బావగారూ, చెప్పండి, ముందెక్కడ పట్టుకోమంటారు?"

ఆ తరువాత నలభై నిమిషాలు ఆ ఒడ్డున జరిగిన పని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజనీరు గారు రెండు తాళ్ళు అమ్మగారి భుజాల మీదుగా వేయించి, గైడు తెచ్చిన ముప్ఫై మందిని రెండు జట్లుగా పంచి లాగించారు. "హైలెస్సా" అని ఆయనే అరిచారు. ఆయనకు ఆ గొంతు ఇంకా ఉందని కోడలికి తెలియదు. మాస్టారు కింద నిలబడి, "కుడి చంక, ఆ మడత, లేబులు వీపు వైపు" అంటూ చొక్కా తొడిగినట్టు తొడిగించారు. కూతురు గడియారం చూసి అయిదేసి నిమిషాలకు ఒకసారి టైము చెప్పింది. మేస్త్రీ తన లంచ్ బాక్సు తను తీసుకున్నాడు. ఎర్రతాడు అల్లేటప్పుడు మాస్టారి వేళ్ళు మళ్ళీ మొరాయిస్తే, ఇంజనీరు గారు తనే నిచ్చెనెక్కి, "ఉచ్చులోంచి ఉచ్చు, అంతేగా?" అని వరసపెట్టి అల్లారు. కింద మాస్టారి భార్య, "అన్నయ్యగారూ, నలభై ఏడోది వదిలేశారు" అని రెండుసార్లు విప్పించింది. ఆయన బుద్ధిగా విప్పి మళ్ళీ అల్లారు.

పదకొండుకు అయిదు నిమిషాలు ఉందనగా ఆఖరి ముడి పడింది. ఈసారి ముడి వేసింది బుజ్జి. మూడు ముళ్ళు వేసి, "ఇప్పుడు ఎవరైనా అడగండి" అని ఆఫీసరమ్మ వైపు చూసింది.

ముసుగు ఎలా కూర్చుందని! భుజం భుజం మీద, మోచెయ్యి మోచేతిలో, మోకాళ్ళ దగ్గర చిన్న ముడత కూడా లేదు. ముసుగు తీస్తే చప్పట్లు కొట్టడం అందరూ చూసిందే. ఆరోజు కప్పినందుకు కొట్టారు. అసలైన అధికారి జీపు దిగి, జనాన్ని, ముసుగును మార్చి మార్చి చూశాడు. "ఎంత చక్కగా కప్పారు! ఎవరు చేశారమ్మా ఇది?" అన్నాడు. ఆఫీసరమ్మ నోరు తెరవబోయేలోపే ఇంజనీరు గారు ముందుకు వచ్చారు.

"మా బావగారండి" అన్నారు, ముప్ఫై మందికీ వినబడేలా. "అరవై మూడు కొలతలు. బొమ్మని చూడకుండా కుట్టాడు మహానుభావుడు! రింగులు మా చెల్లెమ్మవి. పేరు లోపల ఉంటుంది, మీకు కనబడదు."

మాస్టారు టేపు సవరించుకున్నారు. భార్య వైపు చూస్తే ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది, కానీ కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

పదకొండుంబావుకు అల్లుడు చెమటలు కక్కుతూ వచ్చాడు. "మూడు కిలోమీటర్ల అవతల దొరికింది చోటు. నేనేమైనా మిస్సయ్యానా?" అని, ముసుగును చూసి, "ఛ, కప్పేసి ఉందా! అయితే మీరూ ఏం చూడలేదన్నమాట" అని అందరినీ ఓదార్చాడు.

సాయంత్రం వంతెన దగ్గరికి వెళ్ళారు. పలక ముందు మాస్టారు బుజ్జిని ఎత్తుకుని, వంతెన తాతయ్య పేరు అక్షరం అక్షరం పైకి చదివించారు, రెండుసార్లు. ఇంజనీరు గారు వద్దంటూనే పక్కన నిలబడి విన్నారు. తరువాత మాస్టారు వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్ళి, తిరిగొచ్చి, మెడలోంచి టేపు తీశారు.

"దీనికీ ఒకటి కుట్టచ్చు బావగారూ. గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది."